గట్టిగా కొట్టిన డోలు



మణుగూరు మండలంలో కూనవరం అనే ఊరుంది. ఆ ఊరి సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడాయన. డోలు, కంచుతాళం మోతల నడుమ కోయ గోత్రాల పుట్టుపూర్వోత్తరాలు, సమ్మక్క కథ నోటికి పాడేవారు. 2024లో కాలం చేశారు. ఆ కథల విలువ చెప్పడానికి నాకంటే తగినవాళ్లున్నారు. నేను యంత్రాల కంపనాల మీద పాఠాలు చెప్పే మనిషిని. అందుకని ఈ పూట ఆ డోలు చర్మం గురించి, ఆ కంచు రేకు గురించి మాట్లాడతాను. అక్కణ్ణుంచి పాల్వంచ పవర్‌హౌసుకూ, ఇల్లందు బొగ్గు గనిలోకీ దారి ఉంది. ఆ దారి వెంట మీరూ రండి.

డోలును వేలి కొసతో మెల్లగా తట్టండి. ఒక శ్రుతి పలుకుతుంది. పుట్టినప్పటి నుంచి అణిగేదాకా అదే శ్రుతి. ఇప్పుడు బలంగా ఒక్క దెబ్బ వెయ్యండి. చెవి ఒగ్గి వింటే, మోత కాస్త పై శ్రుతిలో మొదలై, చప్పున కిందికి జారి, ఇందాక మెల్లగా తట్టినప్పటి శ్రుతి దగ్గర కుదురుకుంటుంది. వాయించేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కొమ్ముకోయ ఆటలో మెడకు తగిలించుకునే పెద్ద డోళ్ల దగ్గర నిలబడితే ఆ జారుడు ఒంటికే తెలుస్తుంది.

ఎందుకు జారుతుంది? చర్మాన్ని అంచు చుట్టూ బిగించి కట్టారు. అంచు కదలదు. నడుమ భాగం పైకి ఉబ్బి కిందికి దిగాలంటే చర్మం ఆ మేరకు సాగాలి. కొద్దిగా ఉబ్బితే ఆ సాగుడు లెక్కలోకి రానంత. బాగా ఉబ్బితే మాత్రం చర్మం బిగుతు పెరుగుతుంది. బిగుతు పెరిగిన చర్మం వేగంగా ఊగుతుంది, అంటే శ్రుతి పైకి పోతుంది. దెబ్బ జోరు తగ్గుతున్న కొద్దీ ఉబ్బు తగ్గుతుంది, అదనంగా వచ్చిన బిగుతు పోతుంది, శ్రుతి దిగుతుంది. వానాకాలం తేమకు చర్మం వదులైతే ఈ జారుడు ఇంకా ఎక్కువ. మొదటి బిగుతు తక్కువైనప్పుడు, దెబ్బతో వచ్చే కొత్త బిగుతుకు బలం ఎక్కువ మరి. వాయించే ముందు మంట దగ్గర కాచడంలో ఉన్న అవసరాల్లో ఇదొకటి.

ఊపు ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఊగే వేగం మారిపోవడం - అరేఖీయ డోలనం అనే పెద్ద శాస్త్రానికి ఇదే గుమ్మం.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మనం చదివింది దీనికి ఎదురు. స్ప్రింగును రెట్టింపు లాగితే రెట్టింపు బలంతో వెనక్కి లాగుతుంది. దీన్నే రేఖీయం అంటారు. కాబట్టి కొంచెం లాగి వదిలినా, ఎక్కువ లాగి వదిలినా ఒక్కో ఊపుకు పట్టే కాలం ఒక్కటే. లఘులోలకానికీ అదే సూత్రం అన్నారు. గెలీలియో అలాగే నమ్మాడు. ఆ సూత్రం పక్కన చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: కోణం చిన్నదైతేనే. పరీక్షలో ఆ షరతు రాస్తే ఒక మార్కు. ఆ తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు. కోణం చిన్నది కాకపోతే ఏమవుతుందని అడిగిన పిల్లవాడికి జవాబు చెప్పే పేజీ ఆ పుస్తకంలో లేదు. నా బెంగంతా ఆ లేని పేజీ గురించే.

అట్లతద్దికి చెట్టుకొమ్మకు కట్టే ఉయ్యాల తీసుకుందాం. తాడు 4 మీటర్ల పొడవనుకోండి. మెల్లగా ఊగితే ఒక ఊపుకు, అంటే పోయి రావడానికి, 4 సెకన్లు పడుతుంది. ఊపు అటూ ఇటూ 30 డిగ్రీలకు చేరితే తేడా 2 శాతం లోపే, కంటికి ఆనదు. 60 డిగ్రీల దాకా పోతే 7 శాతం పెరిగి 4.3 సెకన్లవుతుంది. తాడు నేలకు సమాంతరంగా వచ్చేంత, అంటే 90 డిగ్రీలు ఊగితే, 18 శాతం పెరిగి 4.7 సెకన్లు దాటుతుంది. డోలు చర్మం పెద్ద ఊపుకు వేగం పెంచుకుంటే, ఉయ్యాల పెద్ద ఊపుకు నెమ్మదిస్తుంది. రెండూ అరేఖీయమే, దిక్కులు వేరు. 1656లో లోలకపు గడియారం చేసిన హైగెన్స్‌కు ఈ చిక్కు వెంటనే ఎదురైంది. ఊపు మారితే గడియారం తప్పుతోంది. లోలకం కొస వృత్తంలో కాకుండా చక్రాభం అనే వేరే వంపు వెంట నడిస్తే ఏ ఊపుకైనా కాలం సమానంగా వస్తుందని లెక్కగట్టి, 1673లో ఆ రుజువును పుస్తకంగా అచ్చువేశాడు. ఆ లోపాన్ని దిద్దే ప్రయత్నంలోంచి ఎంత చక్కని గణితం పుట్టిందో చూడండి.

యంత్రాల లోకంలో దీన్ని గట్టిగా పట్టుకున్నవాడు గియోర్గ్ డఫింగ్ అనే జర్మన్ ఇంజనీరు. 1918లో, సహజ పౌనఃపున్యమే, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్కే మారిపోతుండే కంపనాల మీద చిన్న పుస్తకం రాశాడు. ఆ కంపనాల సమీకరణం ఈ రోజుకీ ఆయన పేరుతోనే నడుస్తోంది. అందులో తేలిన వింత ఒకటి చెబుతాను. మోటారు వేగం మెల్లగా పెంచుతూ పోతే యంత్రం ఊపు పెరుగుతూ పెరుగుతూ, ఒకచోట ఉన్నట్టుండి దబ్బున పడిపోతుంది. సరే అని వేగం తగ్గిస్తూ వెనక్కి వస్తే, అదే చోట తిరిగి లేవదు. ఇంకా కిందికి వచ్చాక మరోచోట ఎగిరి లేస్తుంది. ఒకే వేగం దగ్గర యంత్రానికి రెండు స్థితులు: ఒకటి ప్రశాంతం, ఒకటి ప్రళయం. ఏది దక్కుతుందో ఆ వేగానికి ఏ దారిన వచ్చామన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే యంత్రం బాగా నడుస్తోందని ఒక్క రీడింగు చూసి చెప్పేవాళ్ల మాట నేను అంత తొందరగా ఒప్పుకోను. ఎక్కేటప్పుడు ఏమైంది, దిగేటప్పుడు ఏమైంది అని అడుగుతాను.

డోలు చర్మం లెక్క రాకెట్ల దాకా పోయింది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రంలో 1970లలో జి. వెంకటేశ్వరరావు, కె. కనకరాజు, ఐ.ఎస్. రాజు గార్లు పెద్ద ఊపుతో కంపించే దూలాల మీద, పలకల మీద వరుసగా పరిశోధన పత్రాలు రాశారు. రెండు కొసలూ కదలకుండా పట్టిన దూలం కంపిస్తుంటే అది కూడా సాగక తప్పదు, బిగుతు పెరగక తప్పదు. కొసల దగ్గర మడతబందులున్న దూలం తన మందంలో సగానికి కాస్త ఎక్కువ ఊగితే చాలు, పౌనఃపున్యం 30 శాతానికి పైగా పెరుగుతుంది. మందంలో సగం! పలుచని రేకులతో తేలిగ్గా కట్టాల్సిన వాహనానికి ఈ మాట ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

ఇక కంచు దగ్గరికి వద్దాం. నాకు డోలు కంటే కంచు మీదే మోజెక్కువ.

దాని మోత సంగతి తెలియాలంటే రీతి అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. బిగించిన తీగ మొత్తం ఒక్క ముక్కగా పైకీ కిందికీ ఊగడం ఒక రీతి. నడుమ బిందువు నిలిచిపోయి, ఒక సగం పైకి లేచినప్పుడు రెండో సగం కిందికి దిగడం రెండో రీతి. ఇలా ఎన్నో. ఒక్కో రీతికి ఒక్కో పౌనఃపున్యం. కంచు రేకుకూ అంతే. వ్యాసాల వెంట, వలయాల వెంట నిలిచిపోయిన గీతలతో రకరకాల రీతులుంటాయి. రేఖీయ లెక్కలో ఈ రీతులకు ఒకదానితో ఒకదానికి మాటల్లేవు. దెబ్బ పడ్డ క్షణాన ఎవరి వాటా శక్తి వాళ్లు తీసుకుంటారు, ఎవరి వాటా వాళ్లే ఖర్చు పెట్టుకుని అణిగిపోతారు. ఆ లెక్క ప్రకారం మోత మొదటి క్షణంలో ఉన్నంత నిండుగా తర్వాత ఉండకూడదు. ఆ తర్వాత కొత్త స్వరం పుట్టకూడదు.

గుళ్లో జేగంట ఈ లెక్కకు దాదాపు కట్టుబడి ఉంటుంది. మందమైన కంచు అది. కొయ్య సుత్తితో ఎంత కొట్టినా దాని మందంతో పోలిస్తే ఊపు అతి స్వల్పం. శ్రుతి పట్టుకుని నిలబడి, సన్నగిల్లుతూ పోతుంది. పలుచని తాళం అలా కాదు. మెల్లగా తాకిస్తే కిందిస్థాయి గుంయ్‌మనే నాదం ఒక్కటే వినిపిస్తుంది. గట్టిగా కొడితే మొదట ఆ నాదమే వస్తుంది. ఆ వెంటనే, సెకనులో పదో వంతు తిరిగేలోపు, ఆ జలజల, ఆ తళుకు లేస్తుంది. దెబ్బ పడ్డప్పుడు లేని పై స్వరాలు దెబ్బ తర్వాత పుడుతున్నాయి. చెయ్యి ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది, కొత్తగా శక్తి ఎవరూ ఇవ్వలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి?

కింది రీతులు ఇచ్చాయి. పలుచని రేకు తన మందంతో పోల్చదగినంత ఊగినప్పుడు వంగడమే కాదు, సాగుతుంది కూడా. ఆ సాగుడు రీతులన్నిటికీ ఉమ్మడి. ఒక రీతి వల్ల పెరిగిన బిగుతు పక్క రీతి మీద పనిచేస్తుంది. పౌనఃపున్యాల మధ్య 2 రెట్లు, 3 రెట్లు లాంటి పొందిక కుదిరిన చోట శక్తి ఒక రీతి నుంచి మరో రీతికి జారుతుంది. దెబ్బ ఇంకా బలమైతే ఆ పంపకం అన్ని రీతులకూ పాకి, ఏ స్వరమూ విడిగా వినిపించని హోరు అవుతుంది. గాంగులు, తాళాల మీద అమెరికాలో థామస్ రోసింగ్, ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ షేన్యు, సిరిల్ తుజే ప్రయోగశాలల్లో కొలిచి తేల్చిన సంగతి ఇది. అయితే కంచుతాళం ఎంత జోరుగా తాకిస్తే తళుకు లేస్తుందో, ఎక్కడ ఆపాలో మన గూడేల్లో వాయించేవాళ్ల చేతికి పట్టుబడిందే. ఆ చేతి లెక్కను మైకుతో, కంప్యూటరుతో కొలిచి గ్రాఫు గీయడం ఒక డిప్లొమా విద్యార్థి ప్రాజెక్టుకు ఎంత మంచి విషయం! జానపద కళగా రికార్డు చేయడం మంచిదే. భౌతికశాస్త్రంగా కూడా రికార్డు చేయాలన్నది నా కోరిక.

గణితంలో ఈ రీతుల కథను కొత్త దారి పట్టించినవాడు బర్క్‌లీలో పనిచేసిన రోజెన్‌బర్గ్, 1960లలో. రెండు బరువులను స్ప్రింగులతో కలిపి కడితే రెండే రీతులుండాలి: రెండూ కలిసి ఊగడం, ఎదురెదురుగా ఊగడం. స్ప్రింగులు అరేఖీయమైతే ఆ లెక్క చెల్లదు. శక్తి ఒక హద్దు దాటాక మూడో రీతి, నాలుగో రీతి పుట్టుకు రావచ్చు. అందులో ఒక బరువే విపరీతంగా ఊగుతుంది, రెండోది దాదాపు ఊరకుంటుంది. రెండూ ఒకే తూకం, ఒకే స్ప్రింగు అయినా సరే. యంత్రంలో ఒకేలా ఉన్న వందల బ్లేడ్లలో ఒక్కటే ఎందుకు విరిగిందన్న ప్రశ్నకు కొన్నిసార్లు జవాబు ఈ వైపు కూడా వెతకాలి.

బ్లేడ్లంటే పాల్వంచ గుర్తొస్తుంది. అక్కడి కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషనులో మొదటి యూనిట్ 1966లో నడక మొదలుపెట్టింది. ఆ పాత యూనిట్ల కాలం తీరి, వాటి ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేల్చి నేలమట్టం చేశారు. ఏడో దశగా వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ 2018 నుంచి నడుస్తోంది. అవతల మణుగూరు వైపు భద్రాద్రి కేంద్రంలో 270 మెగావాట్లవి నాలుగు. ఈ టర్బైన్లన్నీ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 50. మన ఇంట్లో కరెంటు 50 హెర్ట్జ్ అంటే ఆ చుట్లే.

టన్నుల బరువున్న ఆ షాఫ్టు ఇనుము మీద ఆని తిరగదు, బేరింగులో పలుచని నూనె పొర మీద తేలి తిరుగుతుంది. షాఫ్టు అణువంత బరువు తేడాతో తిరిగినా కంపనం సెకనుకు 50 సార్లు వస్తుంది. అడిగింది 50, జవాబు 50. ఇది రేఖీయం; ఇంజనీరుకు అలవాటైన సంగతి. కాని ఒక్కోసారి కొలిచే పరికరం తెర మీద 50 దగ్గర కాక 25 దగ్గర గీత లేస్తుంది. ఎవరూ 25 సార్లు కొట్టడం లేదు. యంత్రంలో 25తో తిరిగేది ఏదీ లేదు. అయినా గీత ఉంది.

ఒక కారణం సడలిన బోల్టు. బేరింగు పీఠం కింద బోల్టు కొద్దిగా వదులైందనుకోండి. మొదటి చుట్టులో వచ్చిన తోపుకు పీఠం వెంట్రుకవాసి లేస్తుంది. అది దిగి కుదురుకునేలోపే రెండో చుట్టు తోపు గాలిలోనే దాటిపోతుంది. మూడో చుట్టుకు మళ్లీ లేస్తుంది. రెండు చుట్లకు ఒక దెబ్బ. అదే ఆ 25. మధ్యలో సందు ఉన్న ప్రతి చోటా బలం, కదలిక మధ్య సంబంధం సరళరేఖ కాదు. తాకినప్పుడు ఒక తీరు, వదిలినప్పుడు మరో తీరు. పరికరాలు ఇంతగా రాని రోజుల్లో ఫిట్టర్లు పొడవాటి స్క్రూడ్రైవరు కొసను బేరింగు పీఠానికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టి కళ్లు మూసుకుని వినేవాళ్లు. నున్నగా పోయే హోరు మధ్యలో ఒకటి వదిలి ఒకటి వచ్చే తట్టు దొరికితే తల పైకెత్తి, ఫలానా బోల్టు చూడండి అనేవాళ్లు. ఆ చెవికి నేను నమస్కారం పెడతాను.

రెండో కారణం నూనే. షాఫ్టును అంటుకున్న నూనె షాఫ్టు వేగంతో తిరుగుతుంది, బేరింగును అంటుకున్న నూనె కదలదు. నడుమ సగటు వేగం సగం. అంచుల నుంచి కొంత నూనె కారిపోతుంది గనుక సగానికి కాస్త తక్కువ. ఆ వేగంతో నూనె షాఫ్టును తనతోపాటు గిరగిరా తిప్పుతుంది. తేలికపాటి బరువున్న బేరింగులో ఇది మొదలవుతుంది. షాఫ్టు వేగం దాని సహజ పౌనఃపున్యానికి రెట్టింపు చేరిందంటే ఈ తిప్పుడు సహజ పౌనఃపున్యంతో జట్టుకట్టి, ఇక వేగం పెంచినా వదలదు. బేరింగు లోపలి తెల్ల లోహాన్ని తినేస్తుంది. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు న్యూకిర్క్, టేలర్ దీన్ని ప్రయోగంతో బయటపెట్టారు. గుండ్రటి బేరింగుకు బదులు కోలగా చెక్కినవి, విడివిడిగా వాలే పలకలతో చేసినవి వాడటం ఆ తర్వాత వచ్చిన మందు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ బయటి నుంచి లయగా ఊపేవాడు లేడు. నిలకడగా తిరిగే షాఫ్టు, నిలకడగా పారే నూనె. ఊపు లోపలి నుంచే పుట్టింది. 1940 నవంబరు 7న అమెరికాలో టకోమా వంతెన కూలింది కూడా ఈ జాతి ఊపుతోనే. గాలి నిలకడగానే వీచింది, వంతెన పలక మెలితిరుగుతూ ఆ గాలి నుంచి తనే శక్తి లాక్కుంది. మామూలు అనునాదానికి ఉదాహరణగా దాన్ని చెప్పే పాఠాలు మార్చుకోవాలి.

సగం, రెట్టింపు అనే ఈ బంధం ఉయ్యాలలోనూ ఉంది. ఉయ్యాల మీద నిలబడి ఊగే ఆడపిల్లను చూడండి. వెనక నుంచి తోసేవాళ్లు అక్కర్లేదు. కొసకు పోయినప్పుడు మోకాళ్లు వంచుతుంది, నడుమకు దిగినప్పుడు లేచి నిలబడుతుంది. అటు కొస, ఇటు కొస కలిపి ఒక ఊపుకు రెండుసార్లు. ఊపు వేగానికి రెట్టింపు వేగంతో తన పొడవు మార్చుకుంటోంది. ఆ రెట్టింపు పనికి సగం వేగపు ఊపు బదులు పలుకుతోంది. అసలు కదలకుండా నిలువుగా ఉన్న ఉయ్యాల మీద ఎంత లేచి కూర్చున్నా ఏమీ కాదు; రవ్వంత ఊపు ముందే ఉండాలి, అప్పుడే పెరుగుతుంది.

దీన్నే తీగ మీద పరీక్షించినవాడు సి.వి. రామన్. విశాఖపట్నంలో పెరిగి, అక్కడే స్కూలు చదువు చదివిన రామన్, కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో ఈ పని చేశాడు. తీగ కొసను శ్రుతిదండానికి కట్టి, తీగ పొడవు వెంటే లాగి వదులుతూ దాని బిగుతును లయగా మార్చాడు. తీగ శ్రుతిదండం వేగంలో సగంతో ఊగడం అంతకుముందే తెలుసు. రామన్ ఇంకా కొన్ని వేగాలతో కూడా ఊగించి, 1909లో ఇది కొత్త రకం డోలనం అని నేచర్ పత్రికకు రాశాడు. నోబెల్ తెచ్చిన కాంతి పరిశోధనకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు మాట. తర్వాత 1920లో మృదంగం, తబలా చర్మానికి నడుమ వేసే నల్లటి పూత స్వరాలను ఎలా వరసలో పెడుతుందో కూడా ఆయనే చూపించాడు. మన డోళ్లను కొలవదగిన వస్తువులుగా చూసిన మనిషి వందేళ్ల కిందటే ఉన్నాడు.

గనిలో సంగతి కొద్దిగా చెప్పి ముగింపుకు వస్తాను. ఇల్లందు దగ్గర బొగ్గును 1871లో విలియం కింగ్ గుర్తించాడు. తవ్వకాలు మొదలైనప్పటి నుంచి ఈ నేల కింద రోపుల మీద బరువులు లాగుతూనే ఉన్నారు. ఉక్కు రోపు లాగగలదు, తోయలేదు. అదే దాని అరేఖీయత. బిగుతుగా ఉన్నంతసేపు స్ప్రింగు, వదులైన క్షణం శూన్యం. నిలువునా వేలాడే బరువుకు ఒక సెంటీమీటరు సాగే రోపు ఉందనుకోండి. అది 4 సెంటీమీటర్లు వదులై, ఆ మేర బరువు పడి రోపు బిగిస్తే, రోపు మీద పడే లాగుడు మామూలుకు 4 రెట్లు. 12 సెంటీమీటర్లు వదులైతే 6 రెట్లు. బెత్తెడు వదులు రోపు ఏం చేస్తుందిలే అనుకోకూడదు. హాలేజీ మీద వదులు తీసి మెల్లగా ఎత్తుకోవాలని పెద్దవాళ్లు కసిరి మరీ చెప్పేది ఇందుకే.

ఇదంతా పిల్లలకు కష్టం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన సింగిరేసు ఎస్. రావు గారి మెకానికల్ వైబ్రేషన్స్ పుస్తకం 1986లో వచ్చింది. ప్రపంచమంతా చదివే ఆ పుస్తకంలో అరేఖీయ కంపనాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, చివరి వైపు. తరగతి సాధారణంగా అక్కడిదాకా చేరదు. సమీకరణాలను చివరికి ఉంచినా, అనుభవాన్ని మొదటికి తేవచ్చు కదా. ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల పిల్లలు డోళ్ల మధ్య పెరిగినవాళ్లు. వాళ్లకు ఈ శాస్త్రం చెవిలోనే ఉంది. ప్రయోగశాల సామాను లేదన్న సాకు కూడా కుదరదు.

అందుకే ఒక ప్రయోగం చెబుతాను, పెన్సిలు తీసుకోండి. చీర ఉయ్యాల కట్టే ఉక్కు స్ప్రింగు ఇంట్లో ఉంటుంది, లేదా అంగడిలో దొరుకుతుంది. దూలానికి స్ప్రింగు తగిలించి, దాని కింద తాడు, తాడుకు గట్టిగా కట్టిన రాయి. పాప ఉండగా ఈ పని వద్దు, రాయితోనే చెయ్యండి. కాళ్లు దూరంగా పెట్టుకోండి. ముందు రాయిని పక్కకు ఊపి, 10 ఊపులకు ఎన్ని సెకన్లో చూడండి. ఆపి, ఈసారి కిందికి లాగి వదిలి, అదే కాలంలో ఎన్నిసార్లు కిందా మీదా ఆడుతుందో లెక్కపెట్టండి. సరిగ్గా 20 వచ్చేదాకా రాయి బరువు, తాడు పొడవు మారుస్తూ పొండి. బరువు పెంచితే కిందా మీదా ఆట నెమ్మదిస్తుంది, తాడు పెంచితే పక్క ఊపు నెమ్మదిస్తుంది. కాస్త ఓపిక కావాలి.

20కి 10 కుదిరాక రాయిని నిట్టనిలువుగా జానెడు కిందికి లాగి వదలండి. కొంతసేపు బుద్ధిగా కిందా మీదా ఆడుతుంది. మీ చెయ్యి ఎంత తిన్నగా లాగినా ఎక్కడో రవ్వంత పక్క ఊపు ఉంటుంది. అది పెరగడం మొదలవుతుంది. నిలువు ఆట తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆగిపోయి, రాయి లోలకంలా పక్కలకు ఊగుతుంటుంది. ఎవరూ ముట్టుకోలేదు. మరి కాసేపటికి పక్క ఊపు సన్నగిల్లి, మళ్లీ నిలువు ఆట లేస్తుంది. రెండు రీతులు శక్తిని ఇచ్చిపుచ్చుకోవడం మీ కళ్ల ముందే జరుగుతోంది. 1933లో విట్, గొరెలిక్ అనే రష్యన్ శాస్త్రజ్ఞులు లెక్కగట్టింది ఇదే. ఒక నిలువు ఆట నుంచి తర్వాతి నిలువు ఆట దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తర్వాత జానెడుకు బదులు అర జానెడే లాగి వదిలి, ఆ కాలాన్ని మళ్లీ కొలవండి. రేఖీయమైతే మారకూడదు. మీకు దాదాపు రెట్టింపు వస్తుంది. వచ్చిన అంకెలను, స్ప్రింగు పొడవును, రాయి తూకాన్ని కాగితం మీద రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.